ఇంట్లోనే ఫోనిక్స్: తెలుగు మాట్లాడే చిన్నపిల్లలకు ఇంగ్లీషు చదవడం నేర్పే క్రమం

'ఏ ఫర్ ఆపిల్' నుంచి 'జెడ్ ఫర్ జీబ్రా' వరకు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే నాలుగేళ్ల పిల్లవాడు, మూడక్షరాల చిన్న మాట రాసి చూపితే నోరు మెదపలేకపోవడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో కనిపించే సంగతే. ఆ పిల్లవాడికి తెలిసినవి అక్షరాల పేర్లు. చదవడానికి కావలసినవి అక్షరాల ధ్వనులు. 'బీ, యూ, ఎస్' అన్న పేర్లను ఎంత వేగంగా పలికినా 'బస్' అనే మాట రాదు. 'బ్, అ, స్' అన్న ధ్వనులను కలిపి పలికితే వస్తుంది. ఏ అక్షరం ఏ ధ్వనికి గుర్తో ముందుగా నేర్పి, ఆ ధ్వనులను కలిపి మాటను చదివించే పద్ధతిని ఫోనిక్స్ అంటారు. ఇంగ్లీషులో అక్షరాలు 26 ఉంటే ధ్వనులు సుమారు 44 ఉన్నాయి కనుక, వాటిని తోచినట్టు కాకుండా ఒక వరుసలో నేర్పాలి. అమెరికాలో 2000లో వెలువడిన నేషనల్ రీడింగ్ ప్యానెల్ నివేదిక, ఇంగ్లండులో 2006లో వచ్చిన రోజ్ సమీక్ష, రెండూ ఈ క్రమబద్ధమైన పద్ధతినే సమర్థించాయి.

అయితే ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్న పిల్లల కోసం తయారైన పాఠాలను ఉన్నవున్నట్టుగా మన పిల్లల ముందు పెడితే ఒక చోట తప్పక చిక్కు వస్తుంది. తెలుగు అక్షరంలో హల్లూ అచ్చూ కలిసి ఉంటాయి. 'మా' మన చెవికి ఒకే ముక్క. అందులో 'మ్' ఒకటి, 'ఆ' ఒకటి వేరువేరుగా ఉన్నాయని పిల్లవాడికి తోచదు, తోచవలసిన అవసరమూ అప్పటివరకు రాలేదు. పైగా తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే మనం కప్పు, బస్సు, పెన్ను, ఫ్యాను అంటాము. ఇంగ్లీషు ఫోనిక్స్‌కు కావలసింది అచ్చు తోడు లేని పొడి హల్లు. కాబట్టి తెలుగింటి తల్లిదండ్రుల మొదటి పని అక్షరాలు దిద్దించడం కాదు, అక్షరంలో దాగిన హల్లును పిల్లల చెవికి వినిపించడం. ఈ ఒక్క పనికి తగినంత కాలం ఇస్తే మిగిలిన మెట్లన్నీ సులువవుతాయని నా గట్టి నమ్మకం.

మొదలుపెట్టే ముందు

నాలుగేళ్లు నిండిన తరువాత, చిన్న కథను చివరిదాకా వినగలిగి, రెండు మూడు పాటలు నోటికి వచ్చిన పిల్లలతో మొదలుపెట్టవచ్చు. అంతకంటే చిన్నవారికి కథలు, పాటలు చాలు. తొందర పడవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. ఇంగ్లండులో 2012 నుంచి జరుగుతున్న ఫోనిక్స్ పరీక్షను కూడా దాదాపు ఆరేళ్ల వయసులోనే పెడతారు. తరచూ జలుబు చేసి చెవి పోటు వచ్చే పిల్లలకు, వెనుక నుంచి పిలిస్తే పలకని పిల్లలకు ముందుగా చెవి పరీక్ష చేయించాలి. 'ప్'కూ 'ట్'కూ తేడా వినబడని చెవికి ఏ పద్ధతీ పని చేయదు.

సామగ్రి కొనవలసినది పెద్దగా లేదు. పాత పెళ్లి శుభలేఖలను అరచేతి సైజు ముక్కలుగా కత్తిరించి, వెనుకవైపు ఒక్కో ముక్క మీద ఒక్కో చిన్న అక్షరాన్ని లావుగా రాసుకోండి. పెద్ద ఏబీసీడీలు కాదు, చిన్న ఏబీసీడీలే రాయాలి, ఎందుకంటే పుస్తకంలో పిల్లలకు ఎదురయ్యేవి నూటికి తొంభై పాళ్లు అవే. వీటితో పాటు ఒక పలక, బలపం, పళ్లెంలో పల్చగా పరిచిన బియ్యప్పిండి, గుప్పెడు చింతపిక్కలు ఉంటే సరిపోతుంది. ఇంట్లో మూడేళ్లలోపు పసివారు ఉంటే పిక్కలు వారికి అందకుండా చూసుకోవాలి. పలాస, కవిటి వైపు ఇళ్లలో చేతికి జీడిపిక్కలు సులువుగా దొరుకుతాయి గాని, పచ్చిపిక్క డొల్లలోని జీడి చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది కనుక వాటిని పిల్లల చేతికి ఇవ్వకూడదు.

రోజుకు పది పన్నెండు నిమిషాలు చాలు. వారానికి ఒక రోజు గంటసేపు కూర్చోబెట్టడం కంటే, రోజూ ఒకే వేళకు పది నిమిషాలు కూర్చోవడం ఎన్నో రెట్లు మేలు.

మొదటి మెట్టు: అక్షరం చూపకుండా చెవికి శిక్షణ

ఈ మెట్టు మీద కనీసం మూడు నాలుగు వారాలు ఉండండి. ఇది పూర్తిగా తెలుగులోనే సాగుతుంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని నానమ్మ కూడా దీన్ని చక్కగా నడపగలరు.

ముందుగా మాటలను చప్పట్లతో విడదీయించండి. 'ప-లా-స' మూడు చప్పట్లు, 'టె-క్క-లి' మూడు, 'నా-గా-వ-ళి' నాలుగు. ఇది పిల్లలకు రెండు రోజుల్లో పట్టుబడుతుంది, ఎందుకంటే తెలుగు చెవి అక్షరాలను సహజంగానే విడదీస్తుంది.

అసలు పని ఆ తరువాతిది. మందస, మామిడి, మేక, ముగ్గు అనే నాలుగు మాటలను వరుసగా, మొదటి ధ్వనిని సాగదీస్తూ పలకండి: 'మ్‌మ్‌మ్... మందస, మ్‌మ్‌మ్... మామిడి, మ్‌మ్‌మ్... మేక.' పెదవులు మూసి ఉన్న ఆ మొదటి క్షణాన్ని మీ ముఖంలో చూడమనండి. మ, మా, మే, ము అనేవి రాతలో నాలుగు రూపాలు, కానీ నాలుగింటిలోనూ మూసిన పెదవుల మధ్య మోగే ధ్వని ఒక్కటే. ఇది పిల్లవాడికి తెలిసిన రోజున చదువుకు తలుపు తెరుచుకున్నట్టే లెక్క. మన ఊళ్ల పేర్లు, ఏటి పేరు, అమ్మవారి పేరు ఈ ఆటకు ఎంతో అనువైనవి. సోంపేట, సాలూరు, సీతంపేట ఒక జట్టు. నరసన్నపేట, నాగావళి, నెల్లిమర్ల ఒక జట్టు. రాజాం, రణస్థలం ఒక జట్టు. పలాస, పొందూరు, పాతపట్నం, పైడితల్లి ఒక జట్టు. బస్సులో వెళ్తున్నప్పుడు ఊరి బోర్డు కనబడగానే "ఇది ఏ జట్టులోకి వస్తుంది?" అని అడిగితే పిల్లలు ఉత్సాహంగా జవాబు చెబుతారు. ముందు స్, మ్, న్, ర్ వంటి సాగదీయడానికి వీలైన ధ్వనులతో ఆడి, తరువాత ప్, ట్, క్ వంటి తటాలున తెగిపోయే ధ్వనులకు రండి.

మూడో ఆట ధ్వనులను కలపడం. మీరు ధ్వనులను విడివిడిగా చెబుతారు, పిల్లవాడు కలిపి చెప్పాలి. "బ్... అ... స్... ఎక్కుదామా?" "ప్... ఎ... న్... తెచ్చి పెట్టు." ఇక్కడే కప్పు-కప్ తేడాను కూడా ఆటగా పరిచయం చేయండి. "మన మాటలో కప్పు, ఇంగ్లీషు మాటలో కప్" అని రెండూ పలికించండి. 'కప్పు' అనడం తప్పని మాత్రం చెప్పకండి. అది తెలుగులో సరైన మాటే. ఇంగ్లీషు చదివేటప్పుడు 'ప్' దగ్గర పెదవులు మూసి ఆగాలని తెలిస్తే చాలు.

అక్షరాల కంటే ముందు చెవి అనే ఈ మార్గానికి మన ప్రాంతంలోనే గొప్ప నిదర్శనం ఉంది. శ్రీముఖలింగానికి దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు, అప్పటికి లిపి లేని సవర భాషను సవరల నోట విని నేర్చుకుని, దాని ధ్వనులను గుర్తించి, వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు; సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించారు.

రెండో మెట్టు: ముందు పెద్దవారి ఉచ్చారణ

పిల్లలకు అక్షరం చూపే ముందు మీరు ధ్వనులను ఒంటరిగా కూర్చుని సాధన చేయాలి. ఎస్ అక్షరానికి 'స' అనకూడదు, 'సు' అనకూడదు. పాము బుసలాగా 'స్‌స్‌స్' అనాలి. టి అక్షరానికి 'ట' కాదు, 'ట్'. 'సిట్' అనే మాటకు తల్లిదండ్రులు 'స, ఇ, ట' అన్నట్టుగా నేర్పితే పిల్లవాడు కలిపినప్పుడు 'సఇట' అని ఏదో వస్తుందే తప్ప మాట రాదు. అప్పుడు లోపం పిల్లవాడిది కాదు. ప్, ట్, క్ పలికేటప్పుడు గొంతు మోగకూడదు, గాలి మాత్రమే రావాలి. గొంతు మీద వేలు పెట్టి చూసుకుంటే తెలుస్తుంది. బ్, డ్, గ్ లకు గొంతు మోగక తప్పదు, కానీ వెంటనే ఆపేయాలి.

అచ్చులలో ఎక్కువమంది తడబడేది ఇంగ్లీషు 'ఏ' అక్షరపు పొట్టి ధ్వని దగ్గర. క్యాట్, ప్యాన్ అని మనం తెలుగులో 'యా' పెట్టి రాస్తాం గాని, అందులో 'య్' ధ్వని లేదు. 'మేక' అన్నప్పుడు, 'వచ్చేడు' అన్నప్పుడు మన జిల్లాల మాటలో నోరు కొంచెం వెడల్పుగా తెరుచుకుంటుంది కదా, దాదాపు అదే ధ్వని. దాన్ని పొట్టిగా పలికితే సరిపోతుంది. అంటే మన పిల్లల నోట్లో అది ముందే ఉంది. ఇ అక్షరానికి 'ఎ', ఐ అక్షరానికి 'ఇ', యు అక్షరానికి 'అ', ఓ అక్షరానికి 'ఆ'కూ 'ఒ'కూ మధ్యస్థంగా ఉండే పొట్టి ధ్వని.

మూడో మెట్టు: మొదటి ఆరు అక్షరాలు

ఏబీసీడీల వరుసలో వెళ్లకండి. ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరింటితో మొదలుపెట్టడం ఫోనిక్స్ బోధనలో బాగా స్థిరపడిన పద్ధతి. ఈ ఆరు వస్తే చాలు, స్యాట్, ట్యాప్, ప్యాన్, న్యాప్, సిట్, సిప్, పిన్, టిన్, టిప్ వంటి మాటలు చదవవచ్చు. ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ వరుసలో వెళ్తే ఇన్ని మాటలు రావు. నేర్చిన వారంలోనే చదవగలిగాననే సంతోషం ఈ వయసు పిల్లలకు చాలా అవసరం.

రెండు మూడు రోజులకు ఒక అక్షరం చొప్పున వెళ్లండి. అట్టముక్క చూపి ధ్వని పలకండి, పిల్లవాడి చేత పలికించండి, బియ్యప్పిండిలో వేలితో ఆ ఆకారాన్ని గీయించండి. గీస్తున్నంతసేపూ నోట ధ్వని పలకాలి. పెన్సిలు పట్టించడానికి ఇది సమయం కాదు. నాలుగేళ్ల వేళ్లు ఇంకా గట్టిపడలేదు. చదవడానికీ రాయడానికీ ముడిపెట్టి రెండింటినీ బరువు చేయడం మన ఇళ్లలో తరచుగా జరుగుతోంది. చేతిరాత కొన్ని నెలలు ఆలస్యమైనా నష్టం లేదు.

అక్షరం పేరు అడిగితే చెప్పండి. దాచవలసిన రహస్యమేమీ కాదు. "దీని పేరు ఎస్, ఇది పలికేది స్‌స్‌స్" అంటే పిల్లలు తేలికగానే అర్థం చేసుకుంటారు. బడిలో పేర్లే నేర్పుతున్నా గొడవ పడనవసరం లేదు. ఇంట్లో మాత్రం ధ్వనితోనే పిలవండి.

నాలుగో మెట్టు: కలిపి చదవడం

ఎక్కువమంది ఇళ్లలో పని ఆగిపోయేది ఇక్కడే. పిల్లవాడు 'ప్, ఇ, న్' అని మూడు ధ్వనులూ సరిగ్గా చెప్పి, చివర 'ట్యాప్' అని మరేదో మాట అంటాడు. దానికి కారణం మతిమరపు కాదు. మూడో ధ్వనికి వచ్చేసరికి మొదటిది జారిపోతుంది.

దీనికి తెలుగు పిల్లల విషయంలో నాకు బాగా నచ్చిన దారి గుణింతపు దారి. మూడు ధ్వనులను ఒకేసారి కలపమనకుండా, మొదట హల్లునూ అచ్చునూ కలిపించండి: ప్, ఇ... 'పి'. ఇది తెలుగు చెవికి సుపరిచితమైన ఒక అక్షరం. ఆ తరువాత చివరి హల్లును చేర్పించండి: 'పి', న్... 'పిన్'. అలాగే 'స్, ఇ... సి, సి, ట్... సిట్'. మూడు ముక్కలు మోయవలసిన చోట రెండే మిగులుతాయి. హల్లును విడదీయడానికి మనకు అడ్డుపడిన అలవాటే, కలపడానికి వచ్చేసరికి సాయపడుతుంది.

అట్టముక్కలను కొంచెం ఎడంగా పెట్టి, కింద వేలు జరుపుతూ, వేలు ఆగకుండా ధ్వని కూడా ఆగకుండా పలికించండి. మొదటి మాటలు స్, న్ వంటి సాగే ధ్వనులతో మొదలయ్యేవి కావాలి; ప్, ట్ లతో మొదలయ్యేవి తరువాత. కలపడం రాకపోతే కోప్పడకుండా మీరే కలిపి చెప్పి, అదే మాటను మళ్లీ పిల్లవాడి చేత చేయించండి. వారం పది రోజులు ఏమీ కదలనట్టు అనిపించి, ఒకనాడు హఠాత్తుగా కలపడం రావడం సర్వసాధారణం. రెండు వారాలు దాటినా రాకపోతే అక్షరాలు పక్కన పెట్టి మొదటి మెట్టులోని మూడో ఆటకు తిరిగి వెళ్లండి.

ఒక పూట పాఠం ఇలా ఉండవచ్చు. ముందు తెలిసిన అట్టముక్కలను వేగంగా చూపించి ధ్వనులు చెప్పించడం రెండు నిమిషాలు. తరువాత కొత్త అక్షరం, లేదా నిన్నటి అక్షరమే మరోసారి. ఆపైన నాలుగైదు మాటలు చదివించడం. అమ్మ 'టిన్' అని పేర్చి, "ఇదేటమ్మా?" అని అడుగుతుంది. పాప "ట్, ఇ... టి... టిన్!" అంటుంది. "టిన్ అంటే మనింట్లో ఏది?" "రేకు డబ్బా." చివరి ప్రశ్నను ఏ రోజూ వదలకండి. అర్థం తెలియకుండా పలికే మాట చదివిన మాట కాదు, మన పిల్లలకు ఇంగ్లీషు మాటల అర్థాలు ఇంటి మాటల్లో అప్పటికప్పుడు చెప్పకపోతే తెలియవు. సిప్ అంటే కొంచెం కొంచెంగా తాగడం, న్యాప్ అంటే కునుకు అని చేసి చూపండి.

ఐదో మెట్టు: మాటను ధ్వనులుగా విడదీయడం

చదవడం వచ్చిన మాటలనే తిరగేసి కట్టించడం ఈ మెట్టు. గచ్చు మీద సుద్దతో మూడు గళ్లు గీయండి. మీరు 'ప్యాన్' అంటే, పిల్లవాడు ఒక్కో ధ్వనికి ఒక్కో చింతపిక్కను గడిలోకి జరపాలి. పిక్కలతో స్థిరపడిన తరువాత పిక్కల చోట అట్టముక్కలు పెట్టించండి. 'కప్'ను విడదీసేటప్పుడు చాలామంది పిల్లలు నాలుగో పిక్క తీసుకుంటారు. అది 'కప్పు'లోని ఉకారం. నవ్వకుండా, కోప్పడకుండా, "నా పెదవులు చూడు, ఎక్కడ ఆగాయి?" అని అడగండి.

ఆరో మెట్టు: మిగిలిన అక్షరాలు

మొదటి ఆరూ గట్టిపడ్డాక ఎం, డి, జి, ఓ, సి, కె. ఆ తరువాత ఇ, యు, ఆర్, హెచ్, బి, ఎఫ్, ఎల్. చివరగా జె, వి, డబ్ల్యు, ఎక్స్, వై, జెడ్, క్యు. ఇప్పుడు హెన్, బెడ్, సన్, బస్, రన్, లెగ్ వంటి మాటలన్నీ అందుబాటులోకి వస్తాయి. చిన్న బి, చిన్న డి అద్దంలో చూసినట్టు ఉంటాయి కాబట్టి డి పూర్తిగా స్థిరపడేవరకు బి జోలికి పోకండి.

వి, డబ్ల్యు రెండింటికీ మనం 'వ' అనే అంటాము. వి పలికేటప్పుడు పై పళ్లు కింది పెదవిని తాకాలి. డబ్ల్యుకు పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. ఎఫ్‌కూ పై పళ్లు కింది పెదవిని తాకాలి, కానీ గొంతు మోగకూడదు. జెడ్ తుమ్మెద రొదలాగా మోగుతుంది. అద్దం ముందు పిల్లలతో కలిసి నిలబడి ఇవి పలికితే బోధన సగం పూర్తయినట్టే.

ఏడో మెట్టు: రెండక్షరాలకు ఒకే ధ్వని

ఎస్-హెచ్ కలిస్తే 'ష్', సి-హెచ్ కలిస్తే 'చ్', టి-హెచ్ కలిస్తే నాలుక కొన పళ్ల మధ్య పెట్టి గాలి వదిలే ధ్వని. రెండు అక్షరాలనూ ఒకే అట్టముక్క మీద రాయండి.

మన జిల్లాలకు సంబంధించిన ముఖ్యమైన సంగతి ఒకటి ఇక్కడ ఉంది. ఇళ్లలో చెట్టును సెట్టు అని, చేపను సేప అని పలికే వాడుక మనకుంది. అది తప్పూ కాదు, సిగ్గుపడవలసినదీ కాదు. తాతముత్తాతల నుంచి వచ్చిన మన మాట. కానీ ఇంగ్లీషులో చిప్, షిప్, సిప్ మూడూ వేరువేరు అర్థాలున్న మాటలు. కాబట్టి ఆ మూడు ధ్వనుల తేడాను పిల్లల చెవికి ప్రత్యేకంగా వినిపించాలి. మీరు వరుసగా 'సిప్, సిప్, చిప్' అని పలికి, మారినప్పుడు చప్పట్లు కొట్టమనండి. చెవి పట్టుకున్న తరువాతే పలికించండి. 'చ్'కు నాలుక అంగిలికి తగిలి విడిపోతుంది, 'స్'కు తగలదు. ఇంటి మాటను ఎగతాళి చేసి ఈ తేడా నేర్పితే పిల్లవాడు నోరు విప్పడమే మానేస్తాడు.

ది, టు, వాజ్, సెడ్ వంటి మాటలు ఇప్పటికి నేర్చిన ధ్వనులతో పూర్తిగా చదవడానికి రావు. వారానికి ఒకటి రెండు చొప్పున, మాటలో ఏ భాగం మామూలుగా పలుకుతుందో, ఏది మారుతుందో చూపిస్తూ గుర్తు పెట్టించండి. అన్ని మాటలనూ ఇలా బొమ్మల్లా కంఠస్థం చేయించే అలవాటు మాత్రం చేయకండి.

చిన్న పుస్తకాలు, తెలుగు కథలు

పది పదిహేను మాటలు చదవగలిగిన పిల్లలకు మీరే పుస్తకం కుట్టి ఇవ్వవచ్చు. నాలుగు కాగితాలు మడిచి, పేజీకి ఒక వాక్యం: 'పిల్లి పెనం మీద కూర్చుంది', 'కోడి ఎర్రగా ఉంది' వంటి సంగతులను నేర్చిన ఇంగ్లీషు మాటలతోనే రాయండి. బొమ్మను వాక్యం చదివిన తరువాత పిల్లల చేతే వేయించండి, ఎందుకంటే ముందే బొమ్మ ఉంటే దాన్ని చూసి ఊహిస్తారు, అక్షరాల వైపు చూడరు.

ఇదంతా జరుగుతున్నప్పుడు రాత్రిపూట తెలుగు కథ మానకండి. పిల్లలకు మాటల సంపద, వాక్యం నడక, కథలో తరువాత ఏమవుతుందో ఆలోచించే నేర్పు వచ్చేది అక్కడి నుంచే. తెలుగు అక్షరాలు కూడా ఇదే సమయంలో నేర్పవచ్చు, గందరగోళం కాదు. కానీ రెండు లిపులనూ ఒకే పూట కూర్చోబెట్టి నేర్పకుండా, ఒకటి ఉదయం, ఒకటి సాయంత్రం పెట్టుకోండి.

ఎప్పుడు సలహా అడగాలి

ఐదేళ్లు దాటినా ఇంటివారు తప్ప ఇతరులు అర్థం చేసుకోలేనంతగా మాట తడబడుతున్నా, కొన్ని నెలలు నిదానంగా ఆడించినా రెండు మాటల మొదటి ధ్వని ఒకటేనా కాదా అన్నది పట్టుబడకపోయినా, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా చదవడంలో తీవ్రమైన ఇబ్బంది ఉన్నా, వేచి చూడకుండా సలహా తీసుకోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. వినికిడి, మాట, ఎదుగుదల సమస్యలు కూడా ఆ పరీక్షలో భాగమే. బృందం ఎప్పుడు వస్తుందో మీ అంగన్వాడీ కార్యకర్తను అడిగి తెలుసుకుని, ఇంట్లో మీరు గమనించిన సంగతులను ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. ఏ ధ్వనులు పలుకుతున్నాడు, ఏవి పలకడం లేదు, ఎంత దూరం నుంచి పిలిస్తే తిరిగి చూస్తున్నాడు అన్న వివరాలు ఆ కాగితంలో ఉంటే వైద్యుల పని చాలా తేలికవుతుంది.